2021–22 వార్షిక నివేదిక: కరోనా కాలంలో మంచిచెడ్డలు పంచుకున్న తీరు

మన కాలనీ సంఘం గౌరవ సభ్యులకు నమస్కారం.

బోరు మరమ్మతులు, పారిశుద్ధ్యం, వినాయక చవితి ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. ఈ నివేదికను మాత్రం ముఖ్యంగా ఒక్క పనికే కేటాయించాం. రెండో వేవ్‌లో ఎవరింట్లో ఏం జరుగుతోందో, ఎవరికి ఏం కావాలో ఒకరికొకరం ఎలా తెలుపుకున్నామన్నది కొత్త కార్యవర్గానికి అక్షరాల్లో అందాలి.

2021 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆక్సిజన్ సిలిండర్ కోసం పెట్టిన మెసేజి పెళ్లిరోజు శుభాకాంక్షల కింద పడి కనిపించకుండా పోయేది. సంతాప వార్త కింద ఎవరికో పెట్టిన చప్పట్ల బొమ్మలు చేరేవి. అందుకే గ్రూపును ‘అవసరాలు’, ‘కబుర్లు’ అని రెండుగా విడదీశాం.

అవసరాల గ్రూపులో మెసేజికి ఒక పద్ధతి పెట్టాం: రోగి వయసు, ఏం కావాలి, ఎప్పటిలోగా, ఎవరికి ఫోన్ చేయాలి, చివర్లో తేదీ, గంట. అన్నిటికంటే ముఖ్యం ఆ తేదీ, గంటే. అవి లేని ప్లాస్మా (కోలుకున్నవారి రక్తం నుంచి తీసి అప్పట్లో రోగులకు ఎక్కించిన ద్రవం) అభ్యర్థన అవసరం తీరిపోయాక కూడా ఊరంతా తిరిగేది. ఒక్కోసారి మనిషి పోయిన ఇంటికి దాతల ఫోన్లు వచ్చేవి. అందుకని పని కాగానే ‘తీరింది’ అని రాసి, పాత మెసేజిని పెట్టినవాళ్లే తీసేయాలి. బయటినుంచి వచ్చిన నంబరుకు వలంటీరు ముందు ఫోన్ చేసి, ‘ఉదయం 11కి మాట్లాడాం, ఉంది’ అని నిర్ధారించాకే గ్రూపులో పెట్టాలి. ఆస్పత్రి పడకల సమాచారం రెండు గంటలు దాటితే పాతదే, తీసేయాలి. సిలిండర్ ఇస్తామని ముందే డబ్బు వేయమనే తెలియని నంబర్లకు పైసా పంపకూడదు.

ఆందోళనలో ఎక్కువ భాగం రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ చుట్టూనే తిరిగింది. ‘అమ్మకు 91 వచ్చింది’ అన్న ఒక్క మెసేజి చాలు, పది ఇళ్లకు నిద్ర ఉండదు. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా, చెయ్యి కదిలినా అంకె తప్పు చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చుని, చేతులు రుద్ది వెచ్చబరచి, చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి, అంకె నిలకడగా ఉండే వరకు ఒక నిమిషం ఆగి రాసుకోవాలి. ఇంకో వేలికి కూడా చూడాలి. అప్పటికీ 94 కంటే తక్కువ ఉంటే గ్రూపులో సలహాలు అడుగుతూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకో, ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కో ఫోన్ చేయాలి. ఆయాసం వస్తుంటే అంకె ఎంతున్నా ఆగకూడదు. బోర్లా పడుకోవడం ఉపశమనమే గానీ ఆస్పత్రికి బదులు కాదు; తిన్న గంటలోపు, గర్భిణులు అలా పడుకోకూడదు. కర్పూరం, వాము, లవంగాల మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న ఫార్వర్డు చాలాసార్లు వచ్చింది. అది నిజం కాదు. ఇలాంటివి చూడగానే అడ్మిన్లు తీసేశారు. పంపినవారిని గ్రూపులో అందరి ముందూ అనకుండా విడిగా ఫోన్ చేసి చెప్పారు.

మంచి కబుర్లకు కూడా అంతే శ్రద్ధ కావాలని మా గట్టి అభిప్రాయం. చెడు వార్తలే వినిపిస్తుంటే జ్వరం వచ్చినవాళ్లు భయంతో దాచుకుంటారు, పరీక్షకు ఆలస్యం చేస్తారు. రోజూ రాత్రి 8 గంటలకు నిమిషంన్నర నిడివి గల వాయిస్ మెసేజి పెట్టాం. కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లు చదవలేరు గానీ వింటారు. ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరు డిశ్చార్జి అయ్యారు, ఎవరింట ఆవకాయ పెట్టారు, ఎవరికి మనవరాలు పుట్టింది, ఇవన్నీ వారి అనుమతితోనే అందులో చెప్పాం. కోలుకున్నవాళ్లు తమ గొంతుతో పది రోజులు ఎలా గడిచాయో చెబితే, లక్షణాలున్నవాళ్లు ధైర్యంగా ముందుకొస్తారు.

మరణవార్త కుటుంబం అంగీకరించాక కార్యదర్శి మాత్రమే తెలపాలి. ఆ రాత్రి కబుర్ల గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగు మార్చాలి. పరామర్శలు ఆ ఇంటివారు సూచించిన ఒక్క బంధువుకే వెళ్లాలి. అందరూ నేరుగా ఫోన్ చేస్తే వాళ్లకు ఏడ్వడానికి కూడా తీరిక దొరకదు.

ఐసొలేషన్‌లో ఉన్న ఇళ్లకు గేటు దగ్గర భోజనం పెట్టాం. స్టీలు క్యారియర్లు కడిగి తిరిగివ్వడం జబ్బుపడ్డవాళ్లకు భారం కనుక ఆకుదొన్నెలు, కాగితపు డబ్బాలే వాడాలి. మే 12 నుంచి లాక్‌డౌన్ సడలింపు ఉదయం 6 నుంచి 10 వరకే ఉండటంతో సరుకుల జాబితా ముందురోజు రాత్రి 9కే ముగించాం.

వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్లలో పనిచేసే అక్కలు ఈ గ్రూపుల్లో లేరు. వారికి నోటీసు బోర్డు, ఎదురుగా నిలబడి మాట్లాడటమే దారి. టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో 2021లో ఒక ఫోన్ నంబరు మీద నలుగురి పేర్లు నమోదు చేసే వీలుండేది గనుక, సభ్యుల ఫోన్ల నుంచి వారి పేర్లు ఎక్కించాం. మే 13న కోవిషీల్డ్ టీకా రెండో డోసు వ్యవధి 6–8 వారాల నుంచి 12–16 వారాలకు మారినప్పుడు, ముందే తేదీ రాసుకున్నవాళ్లు కంగారుపడ్డారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాం. ఒంటరిగా ఉన్న పెద్దలకు రోజూ ఒకే వ్యక్తి ఫోన్ చేయాలి. గొంతు గుర్తుపట్టినప్పుడే లోపలి బాధ చెప్పుకుంటారు.

2022 జనవరిలో కరోనా ఒమిక్రాన్ రకం కేసులు పెరిగినప్పుడూ ఈ పద్ధతే నడిచింది.

కొత్త కార్యవర్గానికి అప్పగించేవి: ఆక్సీమీటర్లు (బ్యాటరీలు తీసి, స్పిరిట్ దూదితో తుడిచినవి), మందుల షాపుల, అంబులెన్సుల ఫోన్ నంబర్ల పుస్తకం. నంబర్లను మూడు నెలలకోసారి ఫోన్ చేసి సరిచూసే బాధ్యత ఎవరిదో ఈ సమావేశంలోనే తీర్మానించాలని కోరుతున్నాం.