వార్షిక నివేదిక: ఈ ఏడాది మన నడక

గౌరవ సభ్యులకు నమస్కారం. ఇంజిన్ ఆగిన విమానం రన్‌వే లేని చోట ఎలా దిగాలో తెలుసుకోవడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. ఆ రెండుసార్లు హాలు తాళం దొరకలేదు. జూలైలో గిమ్లీ సంగతి చెప్పుకున్నాం. 1983లో కెనడాలో ఇంధనం అయిపోయిన బోయింగ్ 767ను కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ గిమ్లీలో మూతపడిన వైమానిక స్థావరంలో దింపారు. ఆయనకు గ్లైడర్లు, అంటే ఇంజిన్ లేని విమానాలు, నడిపిన అలవాటుంది. పావుగంట అనుకున్న ప్రసంగం గంటంపావు సాగినా ఎవరూ కదల్లేదు.

గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం జనవరిలో హైదరాబాద్ దగ్గర నాదర్‌గుల్ అవతల, విమానం దిగగల చోటు వెతుకుతూ చేసిన పొలం నడక. గాలి లేనప్పుడు ఇంజిన్ ఆగితే సెస్నా 172 అనే చిన్న విమానం వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు 2.7 కిలోమీటర్లు వెళ్తుంది, మంచి శిక్షణ గ్లైడర్ అయితే పది. ఈ లెక్క మనందరికీ నోటికి వచ్చు. ఆ 2.7 కిలోమీటర్లలో ఏముందో కాళ్లతో చూసింది ఇప్పుడే. కోసిన వరి మడి పైనుంచి మైదానంలా కనిపిస్తుంది, దిగి చూస్తే అన్నీ గట్లే. వెంచర్ రోడ్డు రన్‌వేలా ఉంటుంది, అంచున హద్దురాళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు మోటారుకు కర్ర గుంజల మీద లాగిన వైరైతే దాదాపు కిందికి వెళ్లేదాకా మాకు కనబడలేదు. "పైనుంచి ఈ వైరు కనపడదా సార్?" అని రైతు అడిగారు. కనపడదు, గుంజల్నే వెతుక్కోవాలి. దిగడానికి పనికొస్తుందని చివరికి అందరం ఒప్పుకున్నది పక్కనున్న ఎర్ర చెల్క: పంట తీసేశారు, గట్లు తక్కువ, గాలికి ఎదురుగా పొడవుంది.

పొలం చూపించిన రైతుకు, అనపకాయలు ఉడికించి పెట్టిన వారి ఇంటివారికి, జీపు ఇచ్చిన సభ్యునికి, ఎండలో ఓపిగ్గా వివరించిన సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

నడకకు వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు పెట్టినవారు ముప్పై ఒకరు. వచ్చింది పదకొండు మంది, అందులో ఇద్దరు పిల్లలు! ఊళ్లో విమానం దిగితే జనం ఏం చేయాలో చెప్పే కరపత్రానికి అనుమతి కోసం ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. రసీదు ముద్రలు మూడున్నాయి, జవాబు మాత్రం లేదు.

లెక్కలు కోశాధికారి గారు జతచేశారు. ఖర్చు రాబడిని కొంచెం దాటింది, చూసుకోగలరు.

పొలం నడక రోజు మొదలుపెట్టిన వైర్ల పటం సగమే అయింది. మిగతా సగం ఎవరు నడుస్తారో ఈ సమావేశంలోనే రాసుకుంటాం. బొటనవేళ్లు చెల్లవు, సంతకం పెట్టాలి.

ఇట్లు, కార్యదర్శి