వార్షిక నివేదిక: ఈ ఏడాది గీజర్ వైరింగ్ మీదే ఎక్కువ పని

మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ట్యాంకులు కడిగించాం, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ చేయించాం, వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు గీజర్లకే ఇస్తున్నాను. సంక్రాంతి ముందు మూడో అంతస్తులో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఆ ఇంట్లో నీచు వండరు. అయినా రెండు రోజులుగా బాత్రూం దగ్గర చేపల వాసన. పక్కింటి వంట అనుకున్నారు. అది వేడికి మాడుతున్న స్విచ్‌బోర్డు వాసన. మేం వెళ్లేసరికి ప్లగ్ సాకెట్‌కి అతుక్కుపోయి ఉంది. మెయిన్ ఆపి ఊడదీస్తే ఒక పిన్ను నల్లబడింది, సాకెట్ రంధ్రం కరిగి సాగిపోయింది. వారం ముందే ఒక మెకానిక్ వచ్చి ప్లగ్ టాప్ ఒక్కటే మార్చి వెళ్లారట. సాకెట్ లోపలి రేకులు వేడికి పట్టు వదిలేశాక కొత్త ప్లగ్ పెట్టినా అదీ కాలుతుంది. రెండూ కలిపే మార్చాలి.

“ఎంసీబీ పడలేదు కదండీ!” అన్నారు ఆ ఇంటాయన. ఎంసీబీ అంటే కరెంటు పరిమితి దాటితే దానంతటదే పడిపోయే స్విచ్. మనలో చాలామంది ధీమా అదే. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతుంది. తన పరిమితి దాటనంతవరకు ఎంసీబీ కదలదు. కానీ స్క్రూ లూజై అక్కడ 0.2 ఓమ్ నిరోధం చేరినా చాలు, గోరంత చోట 34 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో చూసే సాల్డరింగ్ ఐరన్ వేడి దాదాపు అంతే. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ షాక్ నుంచి కాపాడుతుంది, ప్రతి ఇంట్లో ఉండి తీరాలి. అయితే ఈ వేడిని అదీ పట్టుకోలేదు. ఎంసీబీ పడుతోందని పెద్దది వేయించుకోవడం మాత్రం ఇంకా ప్రమాదం, అప్పుడు కాలేది గోడలోని వైరు.

లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పని చేయించాం. ఆయన టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు కరెంటున్న చోట చూసి, మెయిన్ ఆపి గీజర్ పాయింట్‌లో చూసి, మళ్లీ కరెంటున్న చోట చూశాకే వైరు ముట్టుకున్నారు. నల్లబడ్డ రాగిని మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించారు. మిగిలిన వైరు బోర్డుకు అందలేదు. టేపు చుట్టి అతుకు వేయమని ఇంట్లోవాళ్లు అడిగినా ఒప్పుకోలేదు. ఎంసీబీ బోర్డు నుంచి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కొత్తగా లాగి, ఎర్తింగ్ చూసి, ప్లగ్ లేకుండా ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఆపే 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్‌కి నేరుగా కలిపారు. వారం తర్వాత వచ్చి మెయిన్ ఆపి స్క్రూలు మళ్లీ బిగించారు. ఆ ఓపికకు అసోసియేషన్ తరఫున కృతజ్ఞతలు.

స్నానమయ్యాక స్విచ్ ఆపి, పొడి చేత్తో ప్లగ్ పైభాగం తాకి చూడండి. చేయి ఉంచలేనంత వేడి ఉన్నా, చిటచిట చప్పుడు వచ్చినా గీజర్ వాడకం ఆపి ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి. వచ్చే ఏడాది కార్తీకంలోనే, చలి ముదరకముందే అన్ని ఫ్లాట్లలో గీజర్ పాయింట్లు చూపించాలని కమిటీ నిర్ణయించింది. అద్దెకు ఇచ్చినవారు తమ అద్దెదారులకు ముందుగా చెప్పి ఉంచగలరు.

ఇట్లు,
కార్యదర్శి