అల్యూమినియం చురుకు లేని లోహం కాదు

సంపాదకులకు,

మీ విద్యా అనుబంధంలో ఇటీవల లోహాల రసాయన ధర్మాలపై వచ్చిన పాఠంలో, అల్యూమినియానికి చర్యాశీలత (ఇతర పదార్థాలతో చర్య జరిపే చురుకు) తక్కువ కాబట్టే అది గాలికీ నీటికీ చెక్కుచెదరకుండా ఉంటుందన్న అర్థం వచ్చేలా రాశారు. అదే పేజీలో, లోహాలను ఎక్కువ చురుకైనవి పైన, తక్కువ చురుకైనవి కింద వచ్చేలా పేర్చి ఇచ్చిన చర్యాశీలత శ్రేణిలో మాత్రం అల్యూమినియం జింకుకూ ఇనుముకూ పైనే ఉంది. రెండూ చదివిన విద్యార్థి దేన్ని నమ్మాలి? ఇదే పొరపాటు పరీక్షల గైడ్లలోనూ తరచుగా కనిపిస్తుంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అల్యూమినియం ఎంత చురుకైన లోహమో తెలియడానికి థర్మైట్ చర్య ఒక్కటి చాలు. అల్యూమినియం పొడినీ ఐరన్ ఆక్సైడ్‌నూ కలిపి రాజేస్తే, అల్యూమినియం ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అప్పుడు పుట్టే వేడి 2000 డిగ్రీల సెల్సియస్‌ను దాటడంతో ఇనుము కరిగి ద్రవంగా అడుగుకు చేరుతుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంటు తీసుకున్న ఈ పద్ధతితో రైలు పట్టాలను నేటికీ అతుకుతున్నారు. ఇంతటి లోహం మామూలు గాలిలో కదలకుండా ఉండడానికి కారణం దాని చర్యాశీలత తక్కువ కావడం కాదు, చర్య ఎంతో వేగంగా మొదలై అంతే వేగంగా తనకు తానే అడ్డుపడడం. గాలి తగిలిన వెంటనే లోహం మీద కొద్ది నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర ఏర్పడి, సందు లేకుండా అతుక్కుపోతుంది. గీరితే ఆ చోట మళ్లీ కొత్త పొర వస్తుంది. ఇనుముకు పట్టే తుప్పు అలా కాదు, గుల్లగా పెచ్చులూడుతూ కింది లోహాన్ని మళ్లీ మళ్లీ గాలికీ తేమకూ అప్పగిస్తుంది.

ఈ పొర ఉందని పిల్లలకు కళ్లారా చూపించడం ప్రయోగశాలలో చాలా సులువు. కాపర్ సల్ఫేట్ నీలి ద్రావణంలో అల్యూమినియం రేకు ముక్కను వేస్తే, శ్రేణిలో రాగి అల్యూమినియం కన్నా కింద ఉంది కాబట్టి ద్రావణంలోంచి రాగి బయటికి రావాలి. కానీ చాలాసేపటి వరకు చెప్పుకోదగ్గ మార్పేదీ కనిపించదు. అందులోనే చిటికెడు ఉప్పు వేసి కలిపితే క్లోరైడ్ అయాన్లు ఆక్సైడ్ పొరను అక్కడక్కడా ఛేదిస్తాయి. ఇక రేకు మీద ఎర్రటి రాగి మచ్చలుగా మొదలై పేరుకుంటుంది, బుడగలు లేస్తాయి, బీకరు వేడెక్కుతుంది, నీలిరంగు వెలిసిపోతుంది. రేకు మారలేదు, ద్రావణంలోని రాగి అయాన్లూ మారలేదు. తొలగింది మధ్యనున్న అడ్డు మాత్రమే. పట్టికను వల్లె వేయించే పది పీరియడ్ల కన్నా ఈ ఒక్క ప్రయోగం మేలని నా నమ్మకం.

చర్యాశీలత శ్రేణి మొగ్గును చెబుతుందే తప్ప వేగాన్ని కాదన్న సంగతి పాఠంలో ఎక్కడా లేదు. లిథియం, సోడియంల విషయం చూడండి. లోహం ఎలక్ట్రాన్లను వదులుకునే మొగ్గును తెలిపే కొలత ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్; అది ఎంత మైనస్ అయితే ఆ మొగ్గు అంత ఎక్కువ. అది లిథియానికి మైనస్ 3.04 వోల్టులు, సోడియానికి మైనస్ 2.71 వోల్టులు, ఈ లెక్కన ఎలక్ట్రాన్లను వదులుకునే మొగ్గు లిథియానికే ఎక్కువ. అయినా నీటిలో వేస్తే సోడియమే ఎక్కువ హడావుడి చేస్తుంది. సోడియం సుమారు 98 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి చర్యలో పుట్టిన వేడికే గుండ్రటి ముద్దగా మారి, కొత్త కొత్త ఉపరితలాన్ని నీటికి అందిస్తూ పరుగులు తీస్తుంది. 180 డిగ్రీలకు గానీ కరగని లిథియం ఘనంగానే ఉండి నింపాదిగా బుడగలు వదులుతుంది.

ఆమ్లాల భాగంలోనూ ఒక సవరణ అవసరం. లోహం ఆమ్లంతో కలిస్తే హైడ్రోజన్ వస్తుందన్న సూత్రాన్ని నత్రికామ్లానికి యథాతథంగా వర్తింపజేయకూడదు, ఎందుకంటే అది బలమైన ఆక్సీకరణి, అంటే ఇతర పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లను లాగేసుకునేది. శ్రేణిలో హైడ్రోజన్ కన్నా కింద ఉన్న రాగి కూడా అందులో కరుగుతుంది. అయితే వెలువడేది నైట్రోజన్ ఆక్సైడ్లు, గాఢ ఆమ్లమైతే నైట్రోజన్ డయాక్సైడ్ గోధుమరంగు పొగలు. దీనికన్నా వింత ఇనుముది. గాఢ నత్రికామ్లంలో ముంచిన ఇనుము రక్షణ పొర ఏర్పడి స్తబ్ధమైపోతుంది. ఆ తర్వాత కాపర్ సల్ఫేట్‌లో పెట్టినా, పొరను గీరే దాకా రాగిని బయటికి నెట్టదు. విలీన సల్ఫ్యూరికామ్లంలో సీసం చర్య ఆగిపోవడానికీ దాదాపు ఇలాంటిదే కారణం, అక్కడ అడ్డుపడేది కరగని లెడ్ సల్ఫేట్.

ఇది మార్కులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. అల్యూమినియం దేనితోనూ చర్య జరపదని నేర్చుకున్నవారు కాస్టిక్ సోడా ద్రావణాన్ని అల్యూమినియం పాత్రలో నిల్వ చేయడానికి వెనుకాడరు. క్షారమైన కాస్టిక్ సోడా ఆక్సైడ్ పొరను కరిగించి, తర్వాత లోహాన్నీ తింటూ మండే స్వభావమున్న హైడ్రోజన్‌ను వదులుతుంది.

కాబట్టి రాబోయే అనుబంధంలో ఆ వాక్యాన్ని సవరించి, అల్యూమినియం చురుకైన లోహమేననీ, ఆక్సైడ్ పొరే దాన్ని కాపాడుతోందనీ ప్రచురించమని కోరుతున్నాను. శ్రేణి పట్టిక కింద, ఇది చర్య వేగాల పట్టిక కాదని ఒక వాక్యం చేర్చండి. ప్రయోగాల గురించి రాసేటప్పుడు సోడియం, థర్మైట్, నత్రికామ్లం ఇంట్లో ముట్టుకోవలసినవి కావన్న హెచ్చరికను కూడా పెద్ద అక్షరాలతో వేయండి.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు