అమ్మ బస్సెక్కడం మానేసింది: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా అమ్మకు డెబ్బై దాటాయి. దగ్గినా తుమ్మినా మూత్రం జారి చీర తడుస్తుంది. పెళ్లిళ్లకు రాదు, బస్సెక్కదు, గుళ్లో కూడా గుమ్మం పక్కనే కూర్చుంటుంది. మా పిన్నిదీ అదే బాధని ఈమధ్యే తెలిసింది. అక్కచెల్లెళ్లు ఇన్నేళ్లూ ఒకరికొకరు చెప్పుకోలేదు! ఆసుపత్రికి తీసుకెళ్తే "వయసు కదమ్మా" అని పంపేశారు.

వయసొక్కటే కాదు కదా. కాన్పులతో సడలిన కటి కండరాలను, అంటే మూత్రసంచిని కింద నుంచి మోసే కండరాలను, బిగించే వ్యాయామం గురించి అమెరికా స్త్రీవైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశారు. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఏ కండరాన్ని బిగించాలో సరిగ్గా చూపించాలి, నెలల తరబడి చేయించాలి. ఆ పని ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి చేస్తే ఎందరికి తగ్గుతుంది? ఏడాది తిరిగేసరికి ఎందరు మానేస్తారు? ఇది తేల్చే పెద్ద ట్రయల్ (మనుషులపై చేసి చూసే అధ్యయనం) మీరే చేపట్టాలి. మాత్రకైతే కంపెనీ డబ్బు పెడుతుంది, వ్యాయామానికి ఎవరు పెడతారు?

మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటి మందులతో నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవాళ్లకు మతిమరుపు భయం కూడా ఉంది. ఇక మూత్రనాళం కింద ఆసరాగా వల లాంటి పట్టీ పెట్టే మెష్ ఆపరేషన్ల సంగతి. కొందరికి ఏళ్ల తర్వాత నొప్పులు బయటపడ్డాయి, ఇంగ్లండ్ 2018 జులైలో వాటికి బ్రేకు వేసింది. అందుకే ఆర్నెల్లు చూసి ట్రయల్ ముగించకండి.

ఎంత మూత్రం జారిందో తెలియడానికి ప్యాడ్ బరువు తూచండి, కాదనను. ఆమె మళ్లీ బస్సెక్కిందా అని కూడా అడగండి. తెలుగులో, ఆడమనిషి చేత అడిగించండి. మగ డాక్టరుకు అమ్మ సగమే చెప్పింది.

ఇట్లు,
ఓ కూతురు