ఒరగాల్సింది పడవ, మనిషి కాదు

సంపాదకులకు,

కయాక్ అనే సన్నటి తెడ్డు పడవను నడపడం మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ ‘ఎటు తిరగాలంటే అటు, సైకిల్ మీద వంగినట్టు వంగాలి’ అన్న ఒక్క మాట కొత్తవాళ్లను నేరుగా నీళ్లలోకి దించుతుంది. పొడవాటి కయాక్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. ఎడమకు తిరగాలంటే పడవను కుడి పక్కకు ఒరగనివ్వాలి.

బరువు కుడి పిరుదు మీదికి తెచ్చి, ఎడమ మోకాలితో పడవ పైకప్పును, అంటే డెక్‌ను లోపలి నుంచి పైకి ఎత్తి పట్టాలి. నడుము పైభాగం నిటారుగానే ఉండాలి. చొక్కా గుండీల వరుస కూడా పక్కకు వాలిందంటే ఒరిగింది పడవొక్కటే కాదు, మీరూ. తల పడవ అంచు దాటిందా, ఇక తెడ్డే దిక్కు.

ఇలా ఎందుకంటే, నిటారుగా ఉన్న పడవ అడుగు పొడవునా నీటిని పట్టుకుని తిన్నగా పోవాలని చూస్తుంది. ఒరిగితే రెండు కొనలూ ఆ పట్టు కొంత వదులుతాయి. మునిగిన పక్క విల్లులా ఉంటుంది కాబట్టి పడవ ఒరిగిన పక్కకు కాక అవతలి వైపుకు మళ్లుతుంది. పైగా తెడ్డు వేసేదీ కుడివైపే, కాస్త ఎక్కువ ఒరిగినా తెడ్డు రెక్క (వెడల్పాటి కొన) ఆసరా ఇస్తుంది. సైకిల్ పద్ధతిలో అయితే తెడ్డు కుడివైపు, పడేది ఎడమవైపు!

ఇక్కడ వేయాల్సింది స్వీప్ అనే తెడ్డు వేత. రెక్కను పాదాల దగ్గర పూర్తిగా ముంచి, చెయ్యి సాచి, అర్ధచంద్రంలా వెనుక కొన దాకా తిప్పాలి. మొదటి భాగం ముందు కొనను తోస్తుంది, చివరి భాగం వెనుక కొనను తన వైపు లాక్కుంటుంది. చాలామంది తుంటి దగ్గరే ఆపేసి సగం మలుపు పోగొట్టుకుంటారు. చూపు రెక్క వెంట పోతే నడుము దానంతటదే తిరుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు మాత్రం తుంటి దగ్గరే రెక్క తీసేయాలి. దాటితే ఎత్తేది నీళ్లనే.

వ్యాసకర్త ఎక్కడ పొరబడ్డారో ఊహించొచ్చు. ఉరవడి నీటిలో, పొట్టి పడవల్లో తిరిగే వైపుకే ఒరగాలి. బండ చాటు నీటి నుంచి ప్రవాహంలోకి వచ్చేటప్పుడు ఎగువ అంచు ఎత్తి పట్టకపోతే, నీరు దాని మీదికెక్కి రెప్పపాటులో పడవను బోర్లేస్తుంది.

కెనూ (ఒంటి రెక్క తెడ్డుతో నడిపే పడవ) తిన్నగా పోయేందుకు, చివర్లో రెక్కను ‘జె’ అక్షరంలా బయటికి తిప్పే ‘జె’ తెడ్డు వివరణలోనూ ఒక తప్పుంది. ఆ తెడ్డు వేత చివర్లో, తెడ్డు పై కొన పట్టిన చేతి బొటనవేలు కిందికి తిరగాలి, పైకి కాదు. అప్పుడే నీటిని లాగిన రెక్క ముఖమే నీటిని బయటికి తోస్తుంది. వేలు పైకి తిరిగినా పడవ దారిలోనే ఉంటుంది గానీ, వెనుక ముఖం బ్రేకులా అడ్డుపడి ప్రతి తెడ్డుకూ వేగం తగ్గుతుంది.

– ఒక పడవ శిక్షకుడు