కాంక్రీటు మీద పేవర్లు: నీటికి దారి ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

వానలు తగ్గుముఖం పట్టగానే హైదరాబాద్‌లో ఇళ్ల పెరళ్లలో పేవర్ల (నేల మీద పరిచే కాంక్రీటు బ్లాకుల) పని ఊపందుకుంటుంది. పగుళ్లిచ్చి నాచు పట్టిన పాత కాంక్రీటును తవ్వి ఎత్తిపోయడం ఎందుకని చాలామంది దాని మీదే బ్లాకులు పరిపిస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. కింద గట్టి కాంక్రీటు ఉంటే బ్లాకులు అక్కడక్కడా కుంగవు. అయితే 'పేవర్లు వేస్తే వాననీరు భూమిలోకి ఇంకుతుంది' అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఇక్కడ చెల్లదు. సందుల్లోంచి దిగిన నీరు పాత కాంక్రీటు దగ్గర ఆగిపోతుంది. ఇసుక నానుతుంది, అడుగు వేస్తే సందుల్లోంచి బురద చిమ్ముతుంది, ఇసుక కొట్టుకుపోయిన చోట బ్లాకు ఊగుతుంది. చాలా ఫిర్యాదులకు మూలం ఇదే. బ్లాకు నాణ్యతను తిట్టుకోవడం తరువాతి సంగతి.

దీనికి కొందరు మేస్త్రీలు చేసే వైద్యం రోగం కన్నా చెడ్డది. ఇసుకలో పొడి సిమెంటు కలిపి పరిచి, సందుల్లో కూడా సిమెంటు నింపేస్తారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. ఎండకు బ్లాకులు వ్యాకోచిస్తాయి, రాత్రికి ముడుచుకుంటాయి, సిమెంటు సందులు వెంట్రుకవాసి పగుళ్లిస్తాయి. వాటిలోంచి దిగిన నీరు కిందికి పోయే దారి లేక, సిమెంటులోని లవణాలను కరిగించుకుని మెల్లగా పైకి వచ్చి ఆరుతుంది, ఆ లవణాలు తెల్లటి పూతగా పైన మిగులుతాయి. ఆ తెలుపు పోవాలని బాత్రూం యాసిడ్ పోస్తే బ్లాకు పైపొర తినేస్తుంది. పొడి బ్రష్‌తో రుద్దడమే మేలు.

పని మొదలుపెట్టే ముందు పాత కాంక్రీటును పరీక్షించాలి. ఇనుప కడ్డీతో తట్టుకుంటూ పోతే కింద మట్టి జారిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. సన్నటి పగుళ్లతో ఇబ్బంది లేదు. పగులుకు ఒక పక్క ఎత్తు, ఇంకో పక్క పల్లం ఉందంటే మాత్రం కాంక్రీటు కదులుతోందని అర్థం. నల్లరేగడి ఉన్న చోట్ల ఇది మామూలే, ఆ మట్టి వానకు ఉబ్బి వేసవికి కుంగుతుంది. అలాంటి కాంక్రీటును పగలగొట్టక తప్పదు. వాలు కూడా చూడాలి: ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండు అంగుళాలు. తక్కువైతే ముందు సిమెంటు మోర్టార్‌తో సరిచేయాలి. ఇసుకను ఒక చోట మందంగా, ఇంకో చోట పలుచగా పోసి వాలు తెస్తే, మందంగా ఉన్న చోటే ఎక్కువ దిగి గుంట పడుతుంది.

ఎత్తు లెక్క చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. 60 మి.మీ. బ్లాకు, 25 మి.మీ. ఇసుక కలిస్తే 85 మి.మీ., అంటే దాదాపు మూడున్నర అంగుళాలు. వెనక తలుపు గడప నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉంటే జోరు వానకు నీరు వంటింట్లోకే. అలాంటి చోట మోర్టార్ మీద పలుచటి తాండూరు బండలు వేసుకోవడం మంచిది. సంపు మూత పెరట్లో ఉంటే మరీ జాగ్రత్త. చుట్టూ మట్టం పెరిగితే మూత గుంటలో పడుతుంది, మురికి నీరు తాగే నీళ్లలో కలుస్తుంది. ముందే మూత చుట్టూ గట్టు కట్టి, కొత్త మట్టం కన్నా నాలుగు అంగుళాలు పైకి లేపాలి. డ్రైనేజీ చాంబర్ మూతలను కూడా పైకి తేవాలి, కప్పేయకూడదు. పేవర్లు, ఇసుక కలిసి చదరపు మీటరుకు దాదాపు 180 కిలోలు. నేల మీది కాంక్రీటుకు అది లెక్కలోది కాదు గానీ, సంపు పైకప్పు మీద వేసేముందు ఇంజనీరును అడగాలి.

ఇక నీటి దారి. కోర్ కటింగ్ మిషన్‌తో 50 మి.మీ. రంధ్రాలు, పల్లం వైపు అంచు పొడుగునా మూడు నాలుగు అడుగులకొకటి, నీరు నిలిచే ప్రతి చోటా ఒకటి, కాంక్రీటు దాటి మట్టి తగిలేదాకా కొట్టించాలి. కింద పైపులు, ఎర్తింగ్ తీగ ఎటు పోయాయో ముందే తెలుసుకోవాలి. ఇంటి పునాదికి మూడు అడుగుల లోపు రంధ్రం వద్దు. నల్లరేగడిలో రంధ్రాలను నమ్ముకోకుండా నీటిని అంచు నుంచే బయటికి పంపడం మంచిది. రంధ్రంలో 6 మి.మీ. కంకర చిప్స్ నింపి, పైన అడుగు చదరం జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి ఇసుకను ఆపే గుడ్డ) ముక్క పరవాలి. పగుళ్ల మీదా అదే. ప్లాస్టిక్ షీటు వేశారంటే కొట్టిన రంధ్రాలు దండగ.

ఇసుక విషయంలో మన దగ్గర జరిగే పొరపాటు, చవకని క్రషర్ డస్ట్ పోయడం. అందులో మెత్తటి పొడి ఎక్కువ, నీటిని పట్టి ఉంచి జియోటెక్స్‌టైల్‌ను కూడా పూడ్చేస్తుంది. కాంక్రీటుకు వాడే ముతక రోబో ఇసుకను, వీలైతే కడిగినదాన్ని అడగండి. ప్లాస్టరింగ్ ఇసుక పనికిరాదు. అంగుళం పైపులు రెండు పరిచి, వాటి మీద అల్యూమినియం బద్ద లాగితే మందం సమంగా వస్తుంది. పైపులు తీశాక పడే గాడులను ఇసుకతో నింపాలి. చదును చేసిన ఇసుకను తొక్కకూడదు.

తెరిచి ఉన్న అంచుకు గట్టు లేకపోతే బ్లాకులు పక్కకు జరుగుతాయి. గట్టును కాంక్రీటుకు కదలకుండా బిగించి (యాంకర్ చేసి), దాని కింది భాగంలో నీరు పోయేందుకు మూడు అడుగులకొక పైపు ముక్క పెట్టాలి. లేదంటే ఆ గట్టే ఆనకట్ట. నీటితో ఇసుక పోకుండా లోపలి వైపు జియోటెక్స్‌టైల్ అడ్డం పెట్టాలి.

200 చదరపు అడుగులకు 200×100 మి.మీ. బ్లాకులు, కోతల్లో పోయేవి కలిపి 980 దాకా పడతాయి. బ్లాకుల కింద పరవడానికి 20 ఘనపుటడుగుల ఇసుక, సందులకు మరో రెండు ఘనపుటడుగుల పొడి సన్న ఇసుక కావాలి. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం తేలికపాటి వాహనాలు తిరిగే చోటుకు 60 మి.మీ. మందం, ఎం-35 గ్రేడు కాంక్రీటు బలం సరిపోతాయి. సందు 2 నుంచి 4 మి.మీ. ఉంచాలి. బ్లాకులో మూడో వంతు కన్నా చిన్న ముక్కలు అంచున పెట్టొద్దు, అవే మొదట ఊడేది. చిన్న ప్లేట్ వైబ్రేటర్‌కు (బ్లాకులను అదిరించి అదిమే యంత్రం) కింద రబ్బరు మ్యాట్ కట్టి రెండుసార్లు తిప్పి, సందుల్లో ఇసుక ఊడ్చి, మళ్లీ తిప్పాలి. కొన్ని వారాలకు సందులు దిగుతాయి, ఇసుక ఇంకోసారి నింపాలి. ఈ చివరి పనికి ఎవరూ తిరిగి రారు, మూట ఒకటి ఇంట్లోనే మిగుల్చుకోండి.

చదరపు అడుగుకు ఇంత అని ఒకే రేటు చెప్పినప్పుడు కోర్ కటింగ్, జియోటెక్స్‌టైల్, సంపు గట్టు, అంచు గట్టు అందులో కలిసే అవకాశం తక్కువ. కొటేషన్‌లో ఈ నాలుగింటినీ విడివిడిగా రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

— పేవర్ పనులు చేయించే సూపర్‌వైజర్లు, ఉప్పల్, హైదరాబాద్