అమ్మలూ, ఆరో తరగతి పిల్లల గురించి

రాయగడ

అమ్మలూ,

పర్లాకిమిడి మిషన్ బడిలో ఆరో తరగతితో పాటు నీతి పాఠాల పీరియడ్ కూడా నీకే ఇచ్చారని రాశావు. అందులో ఏం చెప్పాలని అడిగావు. చెప్పడం తగ్గించు, చేయించడం ఎక్కువ పెట్టుకో.

బైబిల్లో సామెతల గ్రంథం ఆరో అధ్యాయంతో మొదలుపెట్టు. సోమరి చీమల్ని చూసి నేర్చుకోవాలన్న మాట అందరికీ తెలిసిందే గానీ ఏడో వచనాన్ని చాలామంది గబగబా దాటేస్తారు: వాటికి పై విచారణకర్త, అంటే పని చేయించే పైవాడు, లేడు, అయినా పని ఆగదు. పిల్లలకి అందాల్సింది అదే. చెట్టు కింద చిటికెడు పంచదార వేసి పది నిమిషాలు చూడనీ. చూసింది నాలుగు వాక్యాల్లో రాయించు. సవర పిల్లల్ని ముందు వాళ్ల భాషలో మాట్లాడుకోనీ, రాత తర్వాత వస్తుంది.

ఇక హోంవర్క్. కాపీ కొట్టే పిల్లల్లో చాలామంది సోమరులు కారమ్మా. లెక్క అర్థం కాదు, అడుగుదామంటే తెలుగులోనో ఒడియాలోనో మాట రాదు, పక్కవాడి నోట్సు తెరుస్తారు. జవాబులు కలిస్తే అనుమానించకు. ఇద్దరూ ఒకే మెట్టు దగ్గర ఒకే తప్పు చేస్తే అప్పుడు చూడు. లెక్కలోకి రోల్ నంబరు తీసుకురా: "నీ నంబరుకి 25 కలిపి 4తో గుణించు". ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు వస్తుంది. పద్ధతి మాత్రం ఒకరికొకరు చెప్పుకుంటారు, అది మంచిదే. పది లెక్కలివ్వకు, నాలుగు చాలు. 40 మందికి పదేసి అంటే 400 లెక్కలు, చివరికి చదవకుండానే టిక్కులు పెట్టేస్తావు. పిల్లలు దాన్ని వారంలో పసిగడతారు. ఆ తర్వాత నిజాయితీ గురించి నువ్వేం చెప్పినా వాళ్ల చెవికెక్కదు.

తరగతి మూల ఒక అరలో పది పెన్సిళ్లు, పది రబ్బర్లు, డబ్బులు వేయడానికి మూతకి కన్నం పెట్టిన డబ్బా ఉంచు. కావలసినవాళ్లు తామే తీసుకుని డబ్బులు వేస్తారు. కాపలా వద్దు. అన్నిటికీ ఒకటే ధర, 5 రూపాయలు. మూడు, ఏడు అని పెడితే చిల్లర దొరక్క "రేపేస్తాలే" అనుకుని మర్చిపోతారు. డబ్బాలో డబ్బు తక్కువ పడేది చాలాసార్లు అందుకే, దొంగతనం వల్ల కాదు. అప్పు రాసుకోవడానికి పక్కనే ఒక కాగితం వేలాడదియ్. శనివారం అందరి ముందూ లెక్కపెట్టు. తక్కువైతే ఎంత తక్కువో చెప్పి ఊరుకో. సంచులు వెతకొద్దు, ఎవరి వైపూ చూడొద్దు. వచ్చే వారం అయిదేసి మాత్రమే పెట్టు. అప్పుడూ తగ్గితే నెలపాటు మూసేసి మళ్లీ తెరువు. మొదటి వారం తగ్గే అవకాశమే ఎక్కువ, బెంగపడకు.

తప్పు చేసి తానే వచ్చి ఒప్పుకున్న పిల్లకి మార్కులు కొయ్యకు. ఆ పనే మళ్లీ చేయించు, అది చాలు. మరీ ముఖ్యంగా, పొద్దుటి ప్రార్థనలో ఆ పిల్ల పేరెత్తి "ప్రభువా, ఈ బిడ్డని మార్చు" అనకు. చాలామంది ప్రేమతోనే అంటారు, కానీ అది ప్రార్థన పేరుతో బడి మొత్తానికీ చాటడం. ఆ పిల్ల ఇంకెప్పుడూ నిజం చెప్పదు.

క్రైస్తవులు కాని ఇళ్ల పిల్లలూ ఉంటారు. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో పెద్దవాళ్ల సమ్మతి లేకుండా పిల్లల్ని ఆరాధనలో కూర్చోబెట్టకూడదు. సమ్మతి పత్రాలు ఆఫీసులో ఉన్నాయో లేదో మొదటి వారంలోనే చూసుకో. పెన్సిళ్ల అర, లెక్కలు మాత్రం అందరివీ.

మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండ ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు మొదటి పీరియడ్‌లో తూగుతారు. తెల్లారకముందే లేచి ఇప్పపూలు ఏరి వస్తారు, ఎండెక్కితే పువ్వు వాడిపోతుంది. వాళ్లని బద్ధకస్తులని అనకు. ఆ రెండు నెలలూ రాత పని మూడో పీరియడ్‌కి జరుపు, హెడ్‌మాస్టరు గారికి ముందే చెప్పి ఉంచు.

ఆశీస్సులతో,
మీ నాన్న